పురిలో ఉంది పట్టు!

మీకు తెలుసా? అనంతపురం పల్లెల్లో కిత్తనార తాడు పేనే చేతులకూ, అమెరికాలోని టెక్సాస్ ప్రయోగశాలలో కంటికి ఆననంత సన్నని దారం వడికిన శాస్త్రవేత్తలకూ తెలిసిన కిటుకు ఒక్కటే. పురి ఎక్కించడం! తాడు తొడ మీద పుట్టింది, దారం సూక్ష్మదర్శిని కింద పుట్టింది. లెక్క మాత్రం ఇద్దరిదీ ఒకటే. రండి, ముక్కు మీద వేలు ముందే పెట్టుకోండి!

ముందు కథానాయకుణ్ని చూద్దాం. పేరు కార్బన్ నానోట్యూబు. కర్బన పరమాణువులతో అల్లుకున్న గొట్టం. 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఈజిమా దీన్ని లోకం కళ్ళ ముందు పెట్టాడు. 10 నానోమీటర్ల మందం ఉన్న గొట్టాలను పక్కపక్కనే పేర్చుకుంటూ పోతే మన తలవెంట్రుక వెడల్పులో ఏడెనిమిది వేలు పట్టేస్తాయి. ఒక్క వెంట్రుకలో!

మీకు తెలుసా? ఈ గొట్టానికి వజ్రం తోబుట్టువు. తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో జనం తలలు వంచుకుని వెతికే వజ్రమూ కర్బనమే, నానోట్యూబూ కర్బనమే. వజ్రంలో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 0.154 నానోమీటర్లు. నానోట్యూబులో 0.142. దగ్గరితనం పెరిగింది, బంధం బిగిసింది. బలంలో చెల్లెలు అక్కను మించింది!

ఎంత బలం? 2000లో అమెరికాలో రాడ్నీ రూఫ్ బృందం ఒక్కో నానోట్యూబును రెండు కొసలా పట్టుకుని లాగి చూసింది. అన్నిటికన్నా గట్టిది చదరపు మిల్లీమీటరు లెక్కన దాదాపు 6,400 కిలోల దగ్గర తెగింది. 2018లో చైనాలోని సింఘువా విశ్వవిద్యాలయం వాళ్ళు నానోట్యూబుల కట్టతో 8,000 కిలోలు దాటించారు. అగ్గిపుల్లకన్నా సన్నని దారానికి రెండు ఏనుగులను వేలాడదీసినట్టు!

ఇప్పుడు అసలు షాక్. ఇలాంటి గొట్టాలను లక్షల్లో కలిపి 2004లో పురి దారం వడికారు. అది చదరపు మిల్లీమీటరుకు ఎంత మోసింది? 47 కిలోలు! మన ధర్మవరం మగ్గం మీది పట్టుపోగు మోసేదే ఆ లెక్కన సుమారు 50. మిగతా 6,300 కిలోలు ఏ కాకి ఎత్తుకుపోయింది?

కాకి కాదు, జారుడు! ఒక్కో నానోట్యూబు పొడవు మిల్లీమీటరులో చిన్న ముక్క. పైగా నున్నగా ఉంటుంది. దారాన్ని లాగితే గొట్టాలు తెగవు, ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. బలవంతులంతా ఉన్నారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోలేదు, అంతే! ఆ చేతులు కలిపే పనే పురిది.

మీకు తెలుసా? పురి లేకపోతే ఆ 47 కిలోలూ లేవు. గొట్టాలను వరసగా లాగి ఊరికే వదిలేస్తే ఆ పోగు ఊదితే చెదిరేంత బలహీనం. పురి ఎక్కించగానే దారమైంది. పదార్థం మారలేదు, బరువు మారలేదు, రూపాయి ఖర్చు పెట్టి రసాయనం కలపలేదు. తిప్పారు. అంతే!

ఎందుకలా? చాలా తేలిక. పురి ఉన్న తాడును లాగండి. బయటి పోగులు లోపలి పోగులను నొక్కుతాయి. నొక్కుడు పెరిగితే రాపిడి పెరుగుతుంది. రాపిడి పెరిగితే జారుడు ఆగుతుంది. మీరు ఎంత గట్టిగా లాగితే తాడు తనను తాను అంత గట్టిగా బిగించుకుంటుంది. శత్రువు బలంతోనే శత్రువును ఆపే వాలి అన్నమాట!

రాపిడి ఎంత మొండిదో చూస్తారా? పలుపుతాడును కొయ్య గుంజకు మూడు చుట్లు చుట్టండి. రాపిడి గుణకం 0.3 అనుకుంటే, ఇవతలి కొసను మీరు ఒక కిలో బలంతో పట్టుకుంటే చాలు, అవతల దాదాపు 280 కిలోల లాగుడు ఆగిపోతుంది. చుట్టు చుట్టుకూ బలం కూడికలో పెరగదు, గుణకారంలో పెరుగుతుంది. కోడెదూడా, జాగ్రత్త!

మీకు తెలుసా? ఈ ప్రశ్న గెలీలియోనూ నిద్రపోనివ్వలేదు. జానెడు బెత్తెడు పోగులతో చేసిన తాడు బారలకొద్దీ పొడవుండి కూడా ఎందుకు విడిపోదు? 1638లో అచ్చయిన తన ఆఖరి పుస్తకంలో దీని గురించి పాత్రలతో వాదన పెట్టించాడు. పొట్టి పోగుల నూలు బలాన్ని ఎలా చేరవేస్తుందో కొత్త గణితంతో వారెన్, బాల్, గోల్డ్‌స్టీన్ అనే ముగ్గురు వివరించింది 2018లో. మధ్యలో 380 ఏళ్ళు! అంతవరకూ మనం కట్టుకున్న బట్ట ఊడిపోకుండా ఓపిగ్గా ఉంది.

మనుషులు ఎప్పుడు నేర్చుకున్నారీ విద్య? ఆగండి, మనుషులేనా? ఫ్రాన్స్‌లోని ఆబ్రీ దు మారాస్ గుహ దగ్గర ఒక రాతి పనిముట్టుకు అంటుకుని 6 మిల్లీమీటర్ల తాడు ముక్క దొరికింది. వయసు 41 వేల నుంచి 52 వేల ఏళ్ళు. పేనింది నియాండర్తల్ మానవులు! చెట్టు లోపలి బెరడు నార తీసి, మూడు పేటలను ఒక వైపుకు తిప్పి, మూడిటినీ కలిపి రెండో వైపుకు తిప్పారు. ఈ వార్త 2020లో బయటికొచ్చింది. ముప్పేట తాడుకు పేటెంటు మనది కాదండోయ్!

ఆ ఎదురు పురి ఎందుకో తెలుసా? ఒకే వైపు తిప్పిన పేట ఒంటరిగా ఉంటే చెయ్యి వదలగానే గిర్రున విప్పుకుంటుంది. పేటలను ఎదురు దిక్కులో కలిపితే ఒకటి విప్పుకోవాలంటే రెండోది బిగుసుకోవాలి. ఇద్దరూ మొండికేస్తారు, తాడు నిలుస్తుంది. కిత్తనార పేనే రైతు చేసేది ఇదే, టెక్సాస్‌లో 2004లో రెండు పేటల నానోదారానికి చేసిందీ ఇదే. 47 కిలోల రికార్డు ఆ రెండు పేటల దారానిదే! ఒంటి పేట దారం 15 నుంచి 30 కిలోల మధ్యే ఆగిపోయింది.

ఇంతకూ ఆ దారం వడికింది ఎవరు? మెయ్ జాంగ్, కెన్ అట్కిన్సన్, రే బామన్. వీళ్ళలో అట్కిన్సన్ ఎవరో తెలుసా? ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో ఉన్ని నూలు శాస్త్రవేత్త! గొర్రె బొచ్చు ఎలా వడకాలో జీవితమంతా చదివిన మనిషి వచ్చి నానోట్యూబులకు దారి చూపించాడు. కదురుతో ఉన్ని వడికి కంబళి నేసే మన అనంతపురం కురుబలు ఈ మాట వింటే మీసం మెలేస్తారు!

మీకు తెలుసా? ఆ నానోదారంలో మీటరుకు ఎన్ని పురులో? 80,000! మామూలు నూలులో మీటరుకు వెయ్యి. ఇది 80 రెట్లు ఎక్కువ. కళ్ళు తిరిగాయా? ఇంకా ఉంది.

చేద తాడు రెండు సెంటీమీటర్ల లావు ఉందనుకుందాం. మీటరుకు నాలుగు పురులు. నానోదారం మైక్రోమీటరు లావు. మీటరుకు 80,000 పురులు. ఇప్పుడు రెండిటిలోనూ పోగు ఎంత వాలిందో కోణం కొలవండి. అక్కడా సుమారు 14 డిగ్రీలే, ఇక్కడా సుమారు 14 డిగ్రీలే! లావు సగమైతే పురులు రెట్టింపు కావాలి, కోణం కదలదు. 20,000 రెట్లు సన్నబడినా లెక్క ఇంచు కదలలేదు. తాడు పేనే పెద్దాయన చెయ్యీ, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినీ ఒకే కోణం దగ్గర కరచాలనం చేశాయి!

దారం లోపల రద్దీ సంగతి? మామూలు నూలును అడ్డంగా కోస్తే 40 నుంచి 100 పోగులు కనిపిస్తాయి. 5 మైక్రోమీటర్ల నానోదారాన్ని కోస్తే లక్ష గొట్టాలు! పుట్టపర్తి పండుగ నాడు కూడా ఇంత తోపులాట ఉండదు.

సరే, పురి అంత మంచిదైతే ఇంకా తిప్పుదాం, ఇంకా తిప్పుదాం... ఆగండి! మీకు తెలుసా? పురి మితిమీరితే తాడు తెగుతుంది. పోగు పక్కకు వాలినకొద్దీ దాని బలంలో కొంత వృథా. వాలు 10 డిగ్రీలైతే నష్టం 3 శాతం. 20 అయితే 12. 30 అయితే 25. 45 డిగ్రీలకు తిప్పారా, సగం బలం గోవిందా! ఒక చేత్తో రాపిడి ఇస్తూ రెండో చేత్తో బలం లాక్కునే గడుసు లెక్క ఇది. అందుకే పురికీ బలానికీ గీత గీస్తే అది కొండలా లేచి, శిఖరం తాకి, అవతలి వైపు దిగిపోతుంది. ఆ శిఖరం ఎక్కడుందో పట్టుకోవడమే నేర్పంతా. పేనేవాళ్ళు దాన్ని వేళ్ళతో పట్టుకుంటారు. నాకైతే ఈ వ్యవహారంలో అన్నిటికన్నా అందమైనది ఆ శిఖరమే.

ఆ శిఖరం అందరికీ ఒకచోటే ఉంటుందా? ఉండదు! తుపాకీ గుండును ఆపే కవచాల్లో వాడే కెవ్లార్ లాంటి పొడవాటి పోగులకు 7 డిగ్రీల దగ్గరే వచ్చేస్తుంది. పొడవాటి పోగుకు ఇతరుల చెయ్యి పట్టుకునే అవసరం తక్కువ. పొట్టి పోగుకే పురి దేవుడు.

అసలు పురే లేని మోకు చూశారా? శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెనను మోసే ఒక్కో మోకులో 27,572 ఉక్కు తీగలు. అన్నీ సమాంతరంగా, ఒక్క మెలిక లేకుండా! ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగని తీగ ఉంటే పురి బలాన్ని తగ్గిస్తుందే తప్ప పెంచదు.

గనుల్లో మాత్రం పురి రాజ్యమే. రామగిరి, కోలారు లాంటి బంగారు గనులు నడిచిన రోజుల్లో వాటిలోకి మనుషులను దించాలంటే చక్రాల మీద వంగి వంగి తిరిగే మోకు కావాల్సి వచ్చేది. ఉక్కు తీగలకు పురి వేసి మోకు చేసిన మొనగాడు జర్మనీ హార్జ్ కొండల గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్, 1834లో. అంతకుముందు గొలుసులు. గొలుసులో ఒక్క కడియం తెగితే అంతా పాతాళానికే! పురి మోకులో ఒక తీగ తెగినా, కాస్త దూరం పోయేసరికి రాపిడి దాన్ని మళ్ళీ పనిలో పెట్టేస్తుంది.

ఇక పట్టుకు వద్దాం. 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న హిందూపురం, పట్టుగూళ్ళ మార్కెట్‌కు పేరున్న ఊరు. అక్కడ రాశులు పోసిన గూళ్ళలో ఒక్కటి చేతిలోకి తీసుకోండి. వేరుశనగ కాయంత ఉంటుంది. మంచి రకం గూడైతే అందులో తెగకుండా ఉన్న పోగు పొడవు కిలోమీటరు! ఒక్క పురుగు, ఒక్క పోగు, వెయ్యి మీటర్లు. పురుగు నడక మొదలుపెడితే మారథాన్!

అందుకే పట్టుకు బలం కోసం పెద్ద పురి అక్కర్లేదు. మరి ధర్మవరంలో ట్విస్టింగ్ మిషన్లు ఎందుకు తిరుగుతున్నాయి? గూటి పోగులు కలిసి ఒక్కటిగా ఉండాలి, మగ్గం అచ్చు పళ్ళ మధ్య రాపిడికి రేగిపోకూడదు. అందుకని పడుగుకు పోయే పోగులకు విడివిడిగా ఒక వైపు పురి, జత చేశాక ఎదురు పురి. అదే పాత ఎదురు పురి మళ్ళీ వచ్చింది చూశారా!

ఎంత సన్నం? 20 డెనియర్ (పోగు సన్నదనం కొలత) పట్టుపోగు కిలో ఉంటే విప్పుతూ పోండి. 450 కిలోమీటర్లు! ధర్మవరంలో కొస కట్టి బయల్దేరితే హైదరాబాదు దాటాక కూడా చేతిలో పోగు మిగులుతుంది.

పట్టు పురిని మరీ ఎక్కువ తిప్పితే? మీటరుకు రెండు మూడు వేల పురులు ఎక్కించి, కుడి పురి పోగు ఒకటి, ఎడమ పురి పోగు ఒకటి మార్చి మార్చి నేస్తే బట్ట తనంతట తానే ముడుచుకుని గరగరలాడుతుంది. అదే క్రేప్! ఇక్కడ బలం పోయినా అందం వచ్చింది. నష్టం కాదు, ఫ్యాషన్!

మీకు తెలుసా? నానోట్యూబు దారం పుట్టిందే పట్టుగూడు తీరులో! 2002లో సింఘువాలో ఫాన్ షౌషాన్ బృందం పలక మీద గడ్డిలా నిలువుగా పెరిగిన నానోట్యూబుల అడవి నుంచి ఒక కొస పట్టుకుని లాగింది. ఒకదాని వెనక ఒకటి గొట్టాలు అంటుకుని పోగుగా వచ్చేశాయి, గూటి నుంచి పట్టు వచ్చినట్టే. చదరపు సెంటీమీటరు అడవి నుంచి సుమారు 10 మీటర్ల పోగు. హిందూపురంలో రీలింగ్ చేసేవాళ్ళకు ఇది చూపిస్తే ‘మాకు తెలియందేముంది’ అంటారు!

అడవి నుంచి దారం బదులు పలచటి తెర లాగితే? 2005లో టెక్సాస్‌లో లాగారు. నిమిషానికి 7 మీటర్ల వేగంతో! ఆ తెరను ఎకరం చేను మీద పరిస్తే బరువు ఎంతో చెప్పుకోండి చూద్దాం. 110 నుంచి 120 గ్రాములు! ఎకరం కప్పే దుప్పటి, పావుకిలో బాటు కూడా తూగలేదు.

ఇంకో విడ్డూరం. పట్టుపురుగుకే నానోట్యూబులు తినిపిస్తే? 2016లో చైనా శాస్త్రవేత్తలు మల్బరీ ఆకు మీద నానోట్యూబుల నీళ్ళు చల్లి పెట్టారు. పురుగు తిన్నది, గూడు కట్టింది, ఆ పట్టు కనీసం 50 శాతం ఎక్కువ బలానికి నిలబడింది. పురుగుకు జిమ్ అక్కర్లేదు!

ముడి సంగతి విన్నారా? ఏ తాడుకైనా ముడి వేస్తే ముడి దగ్గరే తెగుతుంది, ఇది చేద తాడు ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. 2004 నాటి నానోదారానికి ముడి వేశారు. బలం తగ్గలేదు! గాలిలో 450 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచారు. తగ్గలేదు! ద్రవ నైట్రోజన్‌లో, అంటే సున్నాకు కింద 196 డిగ్రీల చలిలో ముంచారు. వంగే గుణం కూడా పోలేదు. మన మే నెల ఎండ దీనికి చిటికెలో పని!

ఆ 47 కిలోలు అక్కడే ఆగాయా? లేదు! పొడవాటి గొట్టాల అడవులు పెంచి పురి ఎక్కిస్తే 2007లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల వాళ్ళకు సుమారు 195 కిలోలు వచ్చింది. పురి ఎక్కించాక దారాన్ని అసిటోన్ లాంటి ఆవిరయ్యే ద్రవంలో ముంచి ఆరబెడితే, ఆరే కొద్దీ గొట్టాలు దగ్గరకు లాక్కుని మరింత బిగుస్తాయని తేలింది. 2021లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పోగు 430 కిలోల దాకా వచ్చింది. వాళ్ళ దారి వేరు. గొట్టాలను ద్రవంలో కరిగించి, సన్నని రంధ్రం గుండా వదిలి, ఆది నుంచే బారుగా పేర్చేస్తారు. పురి చివరి మాట కాదు, తొలి మాట!

పురికి ముందు పోగులు బారుగా ఉండాలన్న సంగతి పొందూరుకు ఎప్పుడో తెలుసు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని దువ్వే దువ్వెన ఏమిటో చెప్పుకోండి. వాలుగ చేప దవడ ఎముక! ఆ సన్నని పళ్ళతో పోగులు సాపై, తర్వాత కదురు మీద పురి ఎక్కితే 100వ నంబరు నూలు వస్తుంది. కిలోకు 169 కిలోమీటర్లు. చేప నోటితో చీర!

పత్తి ఇంకో అడుగు ముందుంది. కాయ పగిలి ఆరుతున్నప్పుడు ప్రతి దూది పోగూ చదునై, రిబ్బనులా తనంతట తానే మెలి తిరుగుతుంది. మనం పురి పెట్టకముందే చేలో పురి మొదలైపోయింది!

మీకు తెలుసా? పురి ఏ వైపుకు తిరిగిందో చూసి దారం ఏ దేశానిదో పట్టేస్తారు! ఈజిప్టులో నూలు ఎస్ అక్షరం వాలున తిప్పేవాళ్ళు. మన దేశంలో జెడ్ అక్షరం వాలున. ఎర్ర సముద్రం ఒడ్డున బెరెనికే అనే రోమన్ల కాలపు రేవులో జెడ్ పురి పత్తి గుడ్డలు బయటపడ్డాయి. పరిశోధకులు వాటిని భారతదేశం నుంచి ఓడెక్కిన సరుకుగా గుర్తించారు. రెండు వేల ఏళ్ళ తర్వాత కూడా నూలు తన ఊరి పేరు చెప్పింది!

నానోట్యూబుకు పుట్టుకతోనే మెలిక ఉంటుంది. కర్బన రేకు ఏ వాలులో చుట్టుకుంటే దాన్ని బట్టి గుణం. కొన్ని వాలులకు లోహంలా కరెంటు పారుతుంది, కొన్నిటికి కంప్యూటర్ చిప్పులా అర్ధవాహకం. లెక్కకు మూడింట ఒకటి లోహం. పదార్థం అదే, చుట్టిన తీరు మారితే జాతకమే మారిపోయింది!

ఇక కత్తి కథ. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తిని సూక్ష్మదర్శిని కింద పెట్టారు. లోపల కార్బన్ నానోట్యూబులు! ఆ కత్తుల ముడి ఉక్కు మన దేశానిది. తెలంగాణలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుమోసిన ఊరు, పర్షియా వర్తకులు కొనడానికి అక్కడిదాకా వచ్చేవాళ్ళు. ఈజిమా సూక్ష్మదర్శినికి ముందే కొలిమి దగ్గర నానో!

తాడు తడిస్తే పొట్టిదవుతుంది. గమనించారా? నార నీళ్ళు తాగి అడ్డంగా ఉబ్బుతుంది, పురి ఉంది కాబట్టి పొడవు తగ్గుతుంది. 1586లో రోములో 300 టన్నులకు పైగా ఉన్న రాతి స్తంభాన్ని తాళ్ళతో నిలబెడుతున్నప్పుడు, నోరు మెదిపితే మరణశిక్ష అన్నా లెక్కచేయక ఒక నావికుడు ‘తాళ్ళకు నీళ్ళు కొట్టండి’ అని అరిచాడని అక్కడ కథగా చెప్పుకుంటారు. స్తంభం నేటికీ వాటికన్‌లో నిలబడే ఉంది!

ఆ ఉబ్బుడునే శాస్త్రవేత్తలు కండరం చేసేశారు. నానోదారానికి పురి ఎక్కించి, ద్రవంలో ఉంచి కరెంటు పెడితే ఉబ్బి పురి విప్పుకుంటూ తిరుగుతుంది. 2011లో నిమిషానికి 590 చుట్లు. 2012లో దారంలో మైనం నింపి వేడిచేస్తే 11,500 చుట్లు! బొంగరం బిక్కమొహం వేసింది.

మరీ ఖరీదైన విద్య అనుకుంటున్నారా? 2014లో రే బామన్ బృందం చేపల గాలానికి కట్టే నైలాన్ తీగనూ, కుట్టు దారాన్నీ పురి మీద పురి ఎక్కించి స్ప్రింగులా చుట్టింది. వేడి తగిలితే ముడుచుకునే ఈ కండరం, అంతే పొడవూ బరువూ ఉన్న మన కండరంకన్నా 100 రెట్లు బరువెత్తింది. టైలరు షాపులో దొరికే సరుకుతో!

2017లో ఇంకో వింత. విపరీతంగా పురి ఎక్కించి చుట్టలు పడిన నానోదారాన్ని ఉప్పునీళ్ళలాంటి ద్రవంలో ఉంచి లాగి వదిలితే కరెంటు పుట్టింది. ఈగకన్నా తేలికైన దారం, లాగినప్పుడల్లా చిన్న ఎల్ఈడీ దీపం వెలిగించింది!

2019లో పురితో చల్లదనం. రబ్బరు దారాన్ని లాగి పురి ఎక్కించి, ఒక్కసారిగా వదిలేస్తే దాని ఒళ్ళు 15 డిగ్రీలకు పైగా చల్లబడింది. గ్యాసు లేదు, కంప్రెసర్ లేదు. 40 దాటిన అనంతపురం ఎండలో ఈ వార్త చదువుతుంటేనే హాయిగా ఉంది కదూ!

ఆకాశానికి తాడు కట్టే పిచ్చి కూడా ఉంది. భూమి నుంచి అంతరిక్షానికి లిఫ్టు! జపాన్‌కు చెందిన ఒబయాషి నిర్మాణ సంస్థ 2012లో దీన్ని ప్రకటించింది. నానోట్యూబుల మోకు, పొడవు 96,000 కిలోమీటర్లు. భూమి చుట్టూ రెండు చుట్లు చుట్టినా ఇంకా 15,000 కిలోమీటర్లకు పైగా మిగిలే తాడు!

చివరిగా ఒక ప్రశ్న. చేతిగడియారానికి కీ ఇచ్చినట్టు తాడులోనే శక్తి దాచగలమా? 2024లో జపాన్ షిన్షూ విశ్వవిద్యాలయానికి చెందిన కనెకో, ఉత్సుమి, మేరీలాండ్‌లోని సంజీవ్ కుమార్ ఉజ్జైన్ బృందం దాచి చూపించింది. పురి ఎక్కించిన నానోట్యూబు తాడు కిలోకు 21 లక్షల జౌళ్ళు పట్టుకుంది. ఉక్కు స్ప్రింగుకన్నా 15,000 రెట్లు, లిథియం బ్యాటరీకన్నా సుమారు మూడు రెట్లు. సున్నాకు కింద 60 డిగ్రీల చలిలోనూ, 100 డిగ్రీల వేడిలోనూ చెక్కుచెదరలేదు.

ఇక మన లెక్క. అనంతపురంలో వెయ్యి అడుగుల బోరు అనుకోండి. కిలో తాడులోని పురి అంతా, చుక్క వృథా కాకుండా, నీళ్ళు తోడడానికే విప్పుకుందనుకోండి. అంత లోతు నుంచి ఎన్ని నీళ్ళు పైకొస్తాయి? 700 లీటర్లు! బిందె 15 లీటర్లయితే 46 బిందెలు నిండి, ఇంకోటి సగం దాటుతుంది!